బటర్‌ఫ్లైలో బలమంతా ఎక్కడికి పోతోంది?

స్విమ్మింగ్ పూల్‌లో బటర్‌ఫ్లై నేర్చుకునే బ్యాచ్‌ని కాసేపు గమనిస్తే ఒక విడ్డూరం కనిపిస్తుంది. జిమ్‌లో కండలు పెంచిన కుర్రాడు పది బారలకే రొప్పుతూ గట్టు పట్టుకుంటాడు. పక్క లేన్‌లో బక్కపలచని పన్నెండేళ్ల పిల్ల ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లి, పెద్దగా ఆయాసం లేకుండానే తిరిగొస్తుంది. కుర్రాడికి బలం ఉంది. అందులో చాలాభాగం పైకి లేవడానికీ, ఆగి మళ్లీ బయల్దేరడానికీ ఖర్చయిపోతోంది. ముందుకు పోవడానికి మిగిలేది కొంచెమే.

మొదటి ఖర్చు సంగతి చూద్దాం. మెడలోతు నీటిలో ఉన్న మనిషికి తన బరువు దాదాపు తెలియదు. ఒంటి సాంద్రత నీటి సాంద్రతకు చాలా దగ్గర. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే తేలిపోతాం కూడా. అయితే నీళ్లు మోసేది మునిగి ఉన్న భాగాన్నే. గాల్లోకి లేపిన ప్రతి అవయవం బరువునూ మిగతా ఒళ్లే భరించాలి. 70 కిలోల మనిషికి ఒక్కో చెయ్యి సుమారు మూడున్నర కిలోలు, తల ఐదు కిలోల దాకా తూగుతాయి. ఫ్రీస్టైల్‌లో ఎప్పుడూ ఒక చెయ్యే బయట ఉంటుంది, ఊపిరి కోసం తిరిగిన తల కూడా సగం నీటిలోనే ఉంటుంది. బటర్‌ఫ్లైలో రెండు చేతులూ, తలా కలిపి పన్నెండు కిలోల దాకా ఒకేసారి పైకి రావాలి. ఊపిరి అందదేమోనన్న భయంతో ఛాతీ కూడా ఎత్తితే ఆ బరువు ఇంకా పెరుగుతుంది. కొత్తవాళ్లు చేసేది సరిగ్గా అదే.

రెండో ఖర్చు కంటికి కనిపించదు. ముందుకు పోతున్న ఒంటికి నీరు పెట్టే అడ్డు, సుమారుగా వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆ అడ్డును దాటడానికి క్షణక్షణం పెట్టాల్సిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఇద్దరు ఈదుతున్నారనుకోండి. ఒకరు నిలకడగా సెకనుకు 1 మీటరు చొప్పున పోతున్నారు. రెండోవారు సగం సేపు అర మీటరు చొప్పున, సగం సేపు ఒకటిన్నర మీటరు చొప్పున పోతున్నారు. ఇద్దరి సగటూ ఒకటే, అవతలి గట్టు చేరేదీ ఒకేసారి. కానీ ఘనాలు కట్టి చూస్తే, రెండోవారు నీటికి అప్పజెప్పే శక్తి 75 శాతం ఎక్కువ! బటర్‌ఫ్లైలో ఈ ఎగుడుదిగుడు సహజంగానే ఉంటుంది. రెండు చేతులూ గాల్లో ఉన్నంతసేపూ నీటిని వెనక్కి లాగేవాళ్లు లేరు, వేగం పడిపోతుంది. ఫ్రీస్టైల్‌లో ఒక చెయ్యి బయటికొచ్చేసరికి రెండోది పనిలో ఉంటుంది.

అలాంటప్పుడు మెల్లగా ఈదితే సరిపోదా అనిపిస్తుంది. కేరళకు చెందిన సాజన్ ప్రకాశ్ 2021 జూన్‌లో రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ముగించి, ఒలింపిక్స్ 'ఏ' అర్హత సమయాన్ని అందుకున్న తొలి భారతీయ ఈతగాడయ్యాడు. డైవ్, టర్న్‌లతో కలిపి సగటున సెకనుకు 1.7 మీటర్ల పైచిలుకు. మనం అందులో సగం వేగంతో పోతే, పై లెక్క ప్రకారం నీటి అడ్డుకయ్యే శక్తి ఎనిమిదో వంతుకు తగ్గాలి. కానీ వేగం సగమైనంత మాత్రాన చేతుల బరువు సగం కాదు కదా. ఆ పన్నెండు కిలోలను ప్రతి బారకూ మోయాల్సిందే. అందుకే మెల్లటి ఫ్రీస్టైల్ ఎవరికైనా వస్తుంది గానీ మెల్లటి బటర్‌ఫ్లైకి మెళకువ కావాలి. నా దృష్టిలో ఈ ఈత వచ్చిందో లేదో చెప్పే పరీక్ష కూడా అదే.

మెళకువంతా ఒళ్లు అలలా ఊగడంలో ఉంది. 1934 ప్రాంతంలో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఆర్మ్‌బ్రస్టర్ అనే కోచ్, బ్రెస్ట్‌స్ట్రోక్‌లో చేతుల్ని నీటి లోపలి నుంచి కాకుండా పై నుంచి ముందుకు తెచ్చే పద్ధతిని సాధన చేయించాడు. మరుసటి ఏడాది ఆయన శిష్యుడు జాక్ సీగ్, పక్కకు తిరిగి పడుకుని రెండు కాళ్లూ కలిపి చేప తోకలా ఆడిస్తూ ఈదడం మొదలుపెట్టాడు. ఆ రెండూ కలిపితే నేటి బటర్‌ఫ్లై. నిబంధనలు ఆ కిక్‌ని చాలాకాలం ఒప్పుకోలేదు. చేతులు బటర్‌ఫ్లైవి, కాళ్లు బ్రెస్ట్‌స్ట్రోక్‌వి అన్న సంకరజాతి ఈతే పోటీల్లో నడిచింది. 1952లో బటర్‌ఫ్లైనీ బ్రెస్ట్‌స్ట్రోక్‌నీ విడదీశారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో బటర్‌ఫ్లై తొలిసారి విడి పోటీ అయింది.

సీగ్ చేపను అనుకరించాడు గానీ, అతనికి తెలియకుండానే డాల్ఫిన్‌ని చేరుకున్నాడు. చేప తోక కుడి ఎడమలకు ఊగుతుంది. డాల్ఫిన్ తోక పైకీ కిందికీ ఊగుతుంది, ఎందుకంటే అది క్షీరదం, దాని వెన్నెముక ఆ తీరున వంగుతుంది. మన వెన్నూ అంతే. పక్కకు పడుకున్నప్పుడు చేపలా కనిపించిన ఊపు, బోర్లా తిరగగానే డాల్ఫిన్ ఊపయింది.

ఈ అల ఎక్కడ పుడుతుందన్నది ముఖ్యం. కొత్తవాళ్లు మోకాళ్లతో నీటిని తంతారు. రాస్ శాండర్స్, ఆయన సహ పరిశోధకులు 1995లో ప్రచురించిన అధ్యయనంలో మేటి ఈతగాళ్ల ఒంట్లో తల, భుజాలు, తుంటి, మోకాలు, చీలమండ పైకీ కిందికీ కదిలే తీరును కొలిచారు. అల తల వైపు నుంచి పాదాల వైపు ప్రయాణిస్తోందనీ, పైభాగంలో పెట్టిన శక్తి కిందికి అంది కిక్‌లో పనికొస్తోందనీ తేలింది. చర్నాకోల పిడి దగ్గర చెయ్యి కదిలేది బెత్తెడే, కొస ఛెళ్లుమంటుంది. ఇక్కడ పిడి మన ఛాతీ.

ఆ ఛాతీ పనిని కాస్త నిదానంగా చూడాలి. ఒంట్లో అన్నిటికన్నా బాగా తేలేవి ఊపిరితిత్తులు, మునిగేవి కాళ్లు. చేతులు భుజాల వెడల్పున, చప్పుడు కాకుండా నీటిలోకి దిగగానే ఛాతీని మెత్తగా కిందికి వాల్చండి. ఛాతీ దిగితే తుంటి దానంతటదే పైకి లేస్తుంది. వాల్చడం ఆపగానే, ఊపిరితిత్తుల్లోని గాలి ఛాతీని తిరిగి పైకి నెడుతుంది. కండ చేయాల్సిన పనిలో కొంత నీరే ఉచితంగా చేసిపెడుతోందన్నమాట. దీనికి ఓపిక కావాలి. చేతులు దిగాయో లేదో లాగేయడం మొదలుపెడితే ఆ సాయం చేజారుతుంది. అలాగని మరీ లోతుకు దూకినా నష్టమే, దిగిన ప్రతి అంగుళమూ మళ్లీ ఎక్కాలి.

ఒక్కో బారకు కిక్‌లు రెండు. చేతులు నీటిలోకి దిగేటప్పుడు ఒకటి, తుంటి దగ్గర బయటికి వచ్చేటప్పుడు ఇంకొకటి. పడిపోయిన వేగాన్ని నిలబెట్టేది మొదటిది. చేతులూ తలా పైకి రావడానికి ఊతమిచ్చేది రెండోది. అలసట రాగానే మొదట మాయమయ్యేదీ ఈ రెండోదే, దాంతో ఆ బరువంతా భుజాల మీద పడుతుంది. ఊపిరికి కూడా సమయముంది. చేతులు లాగుతుండగానే ముఖం పైకి రావాలి, గడ్డం నీటిని రాసుకుంటూ ఉండాలి, చేతులు దిగేలోపే తల దిగిపోవాలి. తల ముందు, చేతులు తర్వాత. ఊపిరి విడవడం నీటి లోపలే అయిపోతే, పైన పీల్చుకోవడానికి క్షణం చాలు.

చేతుల్ని ఎత్తుగా పైకి తిప్పాలని చూడకండి. భుజం కీలుకు ఆ దిశలో వీలు తక్కువ. బలవంతం చేస్తే కీలులోని స్నాయువులు ఎముకల మధ్య నలిగి నొప్పి పుడుతుంది. వేళ్లు నీటిని దాదాపు తాకేంత కిందుగా, పక్కల నుంచి వదులుగా విసరండి. భుజంలో పోటు వస్తే ఆ రోజుకు బటర్‌ఫ్లై ఆపేయడమే మేలు.

సాధన విషయంలో చాలా చోట్ల చేయించే పద్ధతి నాకు నచ్చదు. మొదటి వారంలోనే పూర్తి లెంత్ కొట్టమంటారు. సగం దూరం దాటాక జరిగేది మునగడం, తేలడం, అది కూడా తప్పుడు అలవాటుగా ఒంటికి పట్టేస్తుంది. రెండో కిక్ ఆగిపోగానే ఫ్రీస్టైల్‌లోకి మారిపోండి. ఒంటి చేతి బటర్‌ఫ్లై ఇంకా మంచి మార్గం: ఒక చెయ్యి ముందుకు చాచి ఉంచి, రెండో చేత్తో బార వేస్తూ ఊపిరి పక్కకు తీసుకోవాలి. మూడు బారలు కుడితో, మూడు ఎడమతో, ఆ తర్వాత రెంటితో కలిపి మూడు. మోయాల్సిన బరువు తగ్గుతుంది, అల మాత్రం పూర్తిగా అందుతుంది.

లెంత్‌కు ఎన్ని బారలు పడుతున్నాయో లెక్కపెట్టండి. 2008 బీజింగ్ ఒలింపిక్స్ 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో మైకేల్ ఫెల్ప్స్ గాగుల్స్ నీటితో నిండిపోయి గోడ కనిపించకుండా పోయింది. బారలు లెక్కపెట్టుకుంటూనే గోడ చేరి, 1 నిమిషం 52.03 సెకన్ల ప్రపంచ రికార్డుతో గెలిచాడు. ప్రతి బారా ఒకే దూరం పోతేనే ఆ లెక్క కుదురుతుంది. మన లెక్క ఒక్కో లెంత్‌కూ పెరిగిపోతుంటే, వేగం ఎగుడుదిగుడవుతోందనో, తల ఎక్కువ లేస్తోందనో అనుమానించాలి. అల అలవాటయ్యేదాకా ఫిన్స్ తొడుక్కున్నా తప్పులేదు. తీసేసిన రోజు లెక్క కొంత పెరగడం మామూలే.