వెనిగర్: ఇంటిలో ఎక్కడ పనికివస్తుంది, ఎక్కడ పనికిరాదు

మండికల్ హోబళిలోను, బాగేపల్లి, చింతామణి తాలూకాలలోను బోరునీటిపై ఆధారపడిన ఇళ్ళలో నీళ్ళు కాచే పాత్రను లోపల వేలితో తడిమి చూస్తే తెల్లని గరుకు పొర తగులుతుంది. ఆ ఊళ్ళ నుంచి పట్టణానికి వచ్చి స్థిరపడినవారికీ, ఉపాధికై ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చినవారికీ ఈ పొర పరిచితమే. కొళాయి నీరు చాలని రోజులలో ట్యాంకరు నీరో బోరునీరో వాడక తప్పదు. దీనిని వదిలించడానికే తరచుగా వెనిగర్ సీసా ఇంటిలోకి వస్తుంది. ఆ తరువాత ఫోనులో అందే సలహాల వల్ల దాని పని పెరుగుతూ పోతుంది: నేల తుడవడానికి, తామరకు, చక్కెరవ్యాధికి, చివరికి తాగునీటిని శుభ్రపరచడానికి. వీటిలో కొన్ని నిజంగా పనిచేస్తాయి, కొన్ని వృథా, కొన్ని ప్రమాదకరం.

హైదరాబాదు వైపు సిర్కా అని పిలిచే ఈ ద్రవం నీటిలో కలిసిన ఎసిటిక్ ఆమ్లమే. పండ్లరసమో చెరకురసమో పులిసి మొదట మద్యమవుతుంది. గాలి తగిలేచోట కొన్ని సూక్ష్మజీవులు ఆ మద్యాన్ని ఆమ్లంగా మారుస్తాయి. ఆ మార్పు సూక్ష్మజీవుల పనేనని 1860ల దశకంలో లూయీ పాశ్చర్ ప్రయోగపూర్వకంగా చూపాడు. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం వెనిగర్‌లో కనీసం 3.75 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉండాలి. పులియబెట్టక, ఆమ్లాన్ని నీటిలో కలిపి తయారుచేసినదైతే సీసాపై సింథటిక్ అని ముద్రించాలి. పాత్రలు తోమడానికి రెండింటికీ తేడా లేదు, చవకది చాలు. విడిగా దొరికే గాఢమైన ఎసిటిక్ ఆమ్లం మాత్రం చర్మాన్ని కాల్చివేస్తుంది. దానిని ఇంటికి తేవద్దు.

తెల్లపొర ముఖ్యంగా కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి జాతి పదార్థం. కఠినజలాన్ని కాచినప్పుడు అది నీటి నుంచి విడిపోయి పాత్రకు అంటుకుంటుంది. వెనిగర్ తగిలితే నురుగు వస్తుంది. కార్బొనేట్ కరిగి, బొగ్గుపులుసు వాయువు బుడగలుగా బయటికి పోతుంది. నీళ్ళు కాచే స్టీలు పాత్రలోగాని ఎలక్ట్రిక్ కెటిల్‌లోగాని వెనిగర్, నీరు సమపాళ్ళలో పోసి, గోరువెచ్చన చేసి గంటసేపు ఉంచాలి. పొర మెత్తబడ్డాక గుడ్డతో తుడిచి, రెండుసార్లు మంచినీటితో కాచి పారబోయాలి. రంధ్రాలు మూసుకుపోయిన షవరు తలను విప్పనక్కరలేదు. చిన్న ప్లాస్టిక్ సంచిలో వెనిగర్ పోసి, షవరు మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టి కొన్ని గంటలు ఉంచితే చాలు. లోహపు పూత ఉన్నదైతే ఎక్కువసేపు నానబెట్టకూడదు. వాసన గిట్టనివారు కిరాణా దుకాణంలో దొరికే నిమ్మ ఉప్పును నీటిలో కలిపి వాడవచ్చు. కెటిల్‌కు నిజానికి అదే మేలు. ఇత్తడి బిందెకు మన చింతపండు ఉండనే ఉంది.

ఇక్కడే ఒక అపోహను తొలగించుకోవాలి. పాత్రపై తెల్లపొర పోయింది గనుక నీటిలోని దోషమూ పోయిందనుకోవడం పొరపాటు. ఈ ప్రాంతపు లోతైన బోరులలో కఠినత్వంతో పాటు చాలాచోట్ల ఫ్లోరైడు కూడా ఉంది. దానికి రంగు, రుచి, వాసన లేవు. పాత్రపై గుర్తు కూడా మిగల్చదు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని, వేరే ఆధారం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చునని మన దేశ ప్రమాణం. అంతకు మించిన నీటిని ఏళ్ళతరబడి తాగితే పిల్లల పళ్ళపై మచ్చలు, పెద్దలకు కీళ్ళు, వెన్ను బిగుసుకుపోవడం సంభవిస్తాయి. నీటిలో వెనిగర్ కలిపినా నిమ్మరసం పిండినా ఫ్లోరైడు తగ్గదు. కాచినా తగ్గదు, నీరు ఆవిరై పోయినకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. ఆర్ఓ యంత్రంగాని, క్రియాశీల అల్యూమినా వడపోతగాని దానిని తగ్గిస్తాయి. అందువల్ల వంటకు, తాగడానికి శుద్ధనీటి ఘటకం నుంచి తెచ్చుకున్న నీటినే వాడి, బోరునీటిని పరీక్ష చేయించుకున్నాకే నమ్మాలి. అన్నం, పప్పు ఉడికించే నీరు కూడా కడుపులోకే వెళ్తుందని చాలా ఇళ్ళలో మరచిపోతారు.

సున్నపు పొరను కరిగించే గుణమే సున్నపురాతి నేలను కూడా తినివేస్తుంది. కడప బండ, షాబాదు బండ, తాండూరు బండ – మూడూ సున్నపురాళ్ళే. పాలరాయి, పాలరాతి ముక్కలు పొదిగిన మొజాయిక్ నేల కూడా అంతే. వాటిపై వెనిగర్ పడినచోట నునుపు పోయి తెల్లని మచ్చ మిగులుతుంది. అది మురికి కాదు, రాయే కరిగిపోయిన గుర్తు గనుక ఎంత తోమినా పోదు. సిమెంటు గచ్చుకు, టైల్సు సందులకు సైతం ఇది పడదు. గ్రానైటు తట్టుకుంటుంది. అల్యూమినియం, ఇనుప పాత్రలలో వెనిగర్ నిలవ ఉంచరాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక: బ్లీచింగ్ పౌడరుతోగాని, బ్లీచ్ ద్రవంతోగాని వెనిగర్‌ను ఎన్నడూ కలపకండి. ఆమ్లం తగిలిన వెంటనే బ్లీచింగ్ పౌడరు నుంచి క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తలుపు మూసిన చిన్న స్నానాలగదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీయడానికి ఎంతోసేపు పట్టదు. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ విషయంలోనూ ఇదే నియమం. ఘాటు వాసన, దగ్గు, కళ్ళమంట మొదలైతే శుభ్రం చేసే పని అక్కడే వదిలి, అందరినీ ఆరుబయటికి పంపి, 108కి ఫోను చేయాలి. వంటసోడా కలిపితే ఇటువంటి ప్రమాదం లేదుగాని లాభమూ అంతగా లేదు: రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుని ఉప్పునీటి వంటి ద్రవం మిగులుతుంది. నురుగు చూసి మురిసిపోవడమే దక్కుతుంది.

వంటింటిలో దీని ఉపయోగాలు చిన్నవి, నిరపాయమైనవి. మరుగుతున్న లీటరు పాలలో రెండు చెంచాల వెనిగర్‌ను నీటితో కలిపి పోస్తే పనీర్ విరుగుతుంది. చిక్కబళ్ళాపురం ద్రాక్షను పలుచని వెనిగర్ నీటిలో ముంచి తీస్తే పైనున్న సూక్ష్మజీవులు కొంత తగ్గుతాయి, కాని పారే నీటిలో బాగా కడగడమే ప్రధానం. కండలోకి ఇంకిన మందును ఏ పులుపూ తీయలేదు. పండుపై బూడిదవలె కనిపించేది తరచుగా ద్రాక్షకు సహజమైన మైనపు పొరే.

ఇక వైద్యం. తామరపైన, పులిపిరులపైన, మచ్చలపైన వెనిగర్‌లో ముంచిన దూదిని కట్టి పడుకున్నవారికి చర్మం కాలి పుండ్లు పడిన ఉదంతాలు వైద్య పత్రికలలో ఉన్నాయి. కాలిన గాయానికీ, తేలుకాటుకూ, పాముకాటుకూ ఇది మందు కాదు. పాముకాటుకు ఆసుపత్రి తప్ప మరో దారి లేదు. భోజనంతో పుచ్చుకుంటే చక్కెర పెరుగుదల కొద్దిగా తగ్గినట్లు కొన్ని చిన్న పరిశీలనలు చెబుతున్నాయి. అంతమాత్రాన మాత్రలు, ఇన్సులిన్ మానుకోవడం ప్రాణాంతకం. నీరు కలపకుండా తాగితే పళ్ళపై పింగాణీ పొర అరిగి, గొంతు మండుతుంది.

అయితే ఈ ఆమ్లమే ప్రాణాన్ని కాపాడే సందర్భం ఒకటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును ముందుగా పసిగట్టేందుకు ఆరోగ్య కార్యకర్తలు 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లాన్ని దూదితో అక్కడ అద్ది, నిమిషం తరువాత దీపం వెలుగులో చూస్తారు. తేడా ఉన్న భాగం తెల్లబడుతుంది. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు ఇంచుమించు లక్షన్నర మంది మహిళలపై జరిపి 2013లో వెల్లడించిన అధ్యయనంలో ఈ పరీక్ష వల్ల ఆ క్యాన్సరు మరణాలు 31 శాతం తగ్గాయి. 30 నుంచి 65 ఏళ్ళ మహిళలకు ఐదేళ్ళకొకసారి ఈ పరీక్ష చేయాలని జాతీయ మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి. ఇది శిక్షణ పొందినవారు మాత్రమే చేయదగినది. ఇంటిలోని సీసాతో ప్రయత్నించేది కాదు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఏ రోజున చేస్తారో మీ ఆశా కార్యకర్తను అడిగి, నెలసరి రోజులు కాకుండా చూసుకుని వెళ్ళండి. కొన్ని నిమిషాలలో అయిపోతుంది.