మఱల ఫిల్ము కెమేరా



నేడు ఛాయాచిత్రము తీయని యిల్లు లేదు. పొలమునకు పోవు రైతు మొదలు బడికి పోవు బాలుని వఱకు అందఱును చేతిఫోనుతో దినమునకు పది బొమ్మలు తీయుచునే యున్నారు. నేనును అట్టివాడనే. ఉద్యోగవిరమణానంతరము మా అబ్బాయి డిజిటల్ కెమేరా యొకటి కొనియీయగా, ఆఱేండ్లు దానితో గుళ్లు, చెఱువులు, మనుమలు, పెండ్లిండ్లు లెక్కలేకుండ తీసితిని. గత సంవత్సరము పెట్టె సర్దుచుండగా మా అన్నగారు వాడిన పాత ఫిల్ము కెమేరా దొరకినది. దానితో మఱల ఓనమాలు దిద్దుకొంటిని. నేర్చుకొన్నదియు, నేర్చుకొనుటలో పోగొట్టుకొన్నదియు మీకు మనవిచేయుటయే నేటి నా ప్రసంగము. మీ యిండ్ల అటకలమీదను అట్టి కెమేరాలు ఉండవచ్చును గదా.

మొదట ఈ రెంటికిని గల భేదమును తెలిసికొందము. డిజిటల్ కెమేరా పలకవంటిది, ఫిల్ము తాటాకువంటిది. పలకమీద వ్రాసినది నచ్చకున్న తుడిచి వ్రాయవచ్చును. తాటాకుమీద గంటము దిగినచో దిగినదే. డిజిటల్ కెమేరాలో కటకము వెనుకనున్న ఫలకము వెలుగును విద్యుత్తుగా మార్చి, అంకెలుగా వ్రాసికొనును. ఫిల్మునందో, జెలటిను పూతలో వెండిలవణముల సూక్ష్మకణములు నిండియుండును. షట్టరు తెఱచిన క్షణమున వెలుగు సోకిన కణములలో ఒక మార్పు పుట్టును. కాని కంటికేమియు కానరాదు. సాంఖ్యులు చెప్పు అవ్యక్తమువలె చిత్రము అందు దాగియుండును. డెవలపరను ద్రావకమున నుంచినపుడు ఆ కణములు నల్లని వెండిగా మాఱి చిత్రము వ్యక్తమగును. వెలుగు సోకని లవణమును హైపో కరగించి తొలగించును. హైపోకు ఈ గుణము కలదని 1819లో ఆంగ్లశాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెలు గుర్తించెను. ఇరువదేండ్లకు, 1839లో, ఛాయాచిత్రములను నిలుపుటకు అది యుపకరించెను. వెలుగు పడినచోట నల్లగను, పడనిచోట తేటగను ఉండుటచే దీనిని నెగటివందురు.

ఇక కెమేరా సంగతి. తొలిమారు నేర్చువారికి 35 మిల్లీమీటర్ల ఫిల్ము పట్టు సాదా కెమేరా చాలును. షట్టరు విద్యుత్తుతో పనిలేక స్ప్రింగులతో నడచునదైన మఱియు మేలు. కొనుటకు ముందు వెనుక తలుపు తెఱచి షట్టరు నొక్కిచూడవలెను. తెఱ చక్కగా కదలుచున్నదా, కటకమున బూజు పట్టినదా పరీక్షింపవలెను. తలుపు అంచులనుండు మెత్తని పట్టీ శిథిలమైనచో వెలుగు లోనికి జొరబడి బొమ్మను చెఱచును. ఆ పట్టీని మార్చుట సులభము.

ఫిల్ము నేడు చౌక కాదు. ఉదకమండలమున హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అను మన ప్రభుత్వ కర్మాగారముండెడిది, అది మూతపడినది. విదేశముల ఫిల్మునే కొనవలసియున్నది. చుట్టకు 36 బొమ్మలు మాత్రమే పడును. కావున తొలుత నలుపు తెలుపుల ఫిల్మునే కొనుడు. దానిని ఇంటనే కడుగుకొనవచ్చును. పెట్టెపై 100 అనియో 400 అనియో అంకె యుండును. ఆ అంకె పెద్దదైనకొలది తక్కువ వెలుగు చాలును. డిజిటల్ కెమేరాలో ఈ అంకెను బొమ్మబొమ్మకు మార్చుకొనుచుంటిమి. ఫిల్ములో చుట్ట ముగియువఱకు ఒకటే అంకె. మన వేసవివేడిమికి ఫిల్ము చెడును గావున శీతలపేటికలో దాచి, వాడుటకు కొన్ని గంటలు ముందు వెలికితీసి, చల్లదనము పోయినపిమ్మటనే మూత విప్పవలెను. లేకున్న చెమ్మ పట్టును.

వెలుగు కొలుచుటకు యంత్రము లేకున్నను భయములేదు. ఎండ బాగుగా కాయునపుడు కటకపు రంధ్రమును 16 అంకెవద్ద నుంచి, షట్టరు వేగమును ఫిల్ము అంకెకు దగ్గఱగా నుంచవలెను. 400 ఫిల్మునకు సెకనులో 500వ వంతు. 100 ఫిల్మునకు 125వ వంతు. ఇట అంకె తగ్గినకొలది రంధ్రము పెద్దదగునని గుర్తుంచుకొనుడు. పలుచని మబ్బుకు 11, మబ్బు క్రమ్మినచో 8, చెట్టునీడకు 4. డిజిటల్ పద్ధతికి అలవాటుపడినవారు ఇచ్చట నొక పొరపాటు చేయుదురు. డిజిటల్ బొమ్మలో వెలుగు మితిమీఱినచో తెల్లనిచోట ఏమియు మిగులదు గావున, వెలుగు తగ్గించుట మనకు అభ్యాసమైనది. నెగటివు ఫిల్ముకు ధర్మము వేఱు. అది కొంత యెక్కువ వెలుగును సహించును. తక్కువ వెలుగును సహింపదు. నీడలో వివరము పడకున్న దానిని ఏ విద్యచేతను తేజాలము. సందేహమున్నచో వెలుగు ఒకపాలు ఎక్కువయే యీయవలెను.

ఇపుడు నా తప్పు చెప్పెదను. మా వీధి చివర గుంటమగ్గముమీద నేసెడి వృద్ధుడొకడు, తొంబదియేండ్లు దాటినవాడు. ఊరిలో అట్టి మగ్గము అదియే కడపటిది. నా తొలిచుట్టను ఆయనకే కేటాయించి, ఇరువది దినములు ప్రొద్దుటిపూట పోయి కూర్చుంటిని. 36 బొమ్మలే గావున తొందరపడలేదు. నాడె విసరుటకు ముందు ఆయన మణికట్టు క్షణమాత్రము నిలుచుటను అప్పుడే చూచితిని. అంతకుముందు డిజిటల్ కెమేరాతో ఆయన బొమ్మలు పెక్కు తీసియు చూడలేదు. ఆయన దినమును “పంతులుగారూ, బొమ్మ పడిందా?” అని యడుగును. “చుట్ట అయినాక చెప్తాను తాతా” అందును.

చుట్ట కడిగి చూతునుగదా, ఆసాంతము తేటగా నున్నది. ఒక్క బొమ్మయు లేదు. ఫిల్ముకొన లోపలి కండెకు పట్టుకొనలేదు; నేను మీట త్రిప్పుచుంటిని, ఫిల్ము కదలకయే యున్నది. లెక్కల అంకె 36 దాటి 40కి పోయినను నాకు అనుమానము రాలేదు. ఆ సంగతి చెప్పి మఱల తీయుదమనుకొనునంతలో ఆయనకు జ్వరము తగిలినది. వారము తిరుగలేదు. మగ్గపుగుంట యున్నది, తాత లేడు.

కావున ఈ మాట మఱువకుడు. ఫిల్మును నీడలో ఎక్కించి, కొన కండెను గట్టిగా పట్టినపిమ్మటనే తలుపు మూయుడు. మీట త్రిప్పునపుడు ఎడమవైపు చుట్టుగుండీ తనంతట తిరుగవలెను. తిరుగకున్న ఫిల్ము కదలుట లేదన్నమాట. మఱియొకటి: మఱల రాని సందర్భమునకు తొలిచుట్టను నమ్ముకొనరాదు; డిజిటల్ కెమేరానుకూడ వెంట నుంచుకొనుడు. అది అవమానము కాదు.

కడుగుటకు గది యంతయు చీకటి కానక్కఱలేదు. వెలుగు చొరని నల్లసంచిలో చేతులు దూర్చి ఫిల్మును డబ్బాలోని కండెకు చుట్టిన, తక్కినపని పగలే చేయవచ్చును. పూర్వము స్టుడియోలలో ఎఱ్ఱదీపము చూచియుందురు. అది కాగితముమీద అచ్చువేయుటకు, నేటి సాధారణ ఫిల్మునకు కాదు. ద్రావకము 20 డిగ్రీల చల్లదనమున నుండుట మంచిది. మన వేసవిలో మంచుగడ్డల తొట్టియందు డబ్బా నుంచవలెను. డెవలపరు, నీటికడుగు, హైపో, మఱల నీరు: ఇంతే. తరువాత ధూళిలేనిచోట వ్రేలాడదీసి ఆఱవేయవలెను.

ఈ శ్రమ యెందుకని అడుగుదురు. హైదరాబాదు ఆఱవ నిజామునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళు 1905లో గతించెను. ఆయన గాజుపలకల నెగటివులు నేటికిని ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నున్నవి. వెలుగునకు ఎత్తిపట్టినచాలు, ఏ యంత్రము లేకయే చదువవచ్చును. మీ యూరిలో కడపటి మగ్గము, కడపటి గానుగ, కడపటి బొమ్మలాటవాడు ఎవరో మీకే తెలియును. వారియొద్దకు పొండు, తీరికగా కూర్చుండుడు, కాని ముందు ఆ చుట్టుగుండీ తిరుగుచున్నదో లేదో చూచుకొనుడు.