గెట్స్‌కు ఉద్వాసన

ఏమర్రా, కాలేజీలో సి లాంగ్వేజీ మొదలెట్టారటగా! అయితే గెట్స్ కథ చెప్తాను, ఇలా కూర్చోండి.

సి భాష 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ చేతిలో పుట్టింది. దాని లైబ్రరీలో గెట్స్ అని ఓ చిన్న ఫంక్షన్ ఉండేది. మనం టైపు చేసిన లైనును చదివి మెమరీలో పెట్టడం దాని పని. ఎక్కడ పెట్టాలో దానికి చెప్తాం. ఎంత చోటుందో చెప్పే వీలు మాత్రం లేదు. ఎంటర్ నొక్కేదాకా నింపుతూనే పోతుంది. పెళ్లి పంక్తిలో వడ్డించేవాడు కళ్లు మూసుకుని సాంబారు పోస్తే పక్కవాడి విస్తట్లోకి పారదూ? అలాగన్నమాట. ఆ పక్క చోటులో, ఫంక్షన్ పని అయ్యాక ఎక్కడికి తిరిగెళ్లాలో చెప్పే చిరునామా ఉంటుంది. ఎవడైనా కావాలనే దాని మీద వేరే చిరునామా రాశాడా, కంప్యూటర్ ఇక వాడు చెప్పినట్టు ఆడుతుంది.

1988 నవంబరు 2న అదే జరిగింది. కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ ఓ వర్మ్‌ను, అంటే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే ప్రోగ్రామును, ఇంటర్నెట్‌లోకి వదిలాడు. అది దూరిన దొడ్డిదారుల్లో ఒకటి ఫింగర్ అనే సర్వీసు. ఆ ప్రోగ్రాము 512 బైట్ల చోటు పెట్టుకుని గెట్స్‌ని పిలిచేది. వర్మ్ 536 బైట్లు పంపింది. ఎక్కువైన ఆ 24 బైట్లతో చిరునామా మారిపోయింది, వ్యాక్స్ రకం కంప్యూటర్లు లొంగిపోయాయి.

"మరి మర్నాడే తీసిపారేయొచ్చుగా తాతయ్యా?" అంటారు. తీసేస్తే దాన్ని వాడిన పాత ప్రోగ్రాములేవీ కంపైల్ కావు మరి. బదులుగా ఎఫ్‌గెట్స్ ఉంది, చోటెంతో చెప్తే అంతకు మించి తీసుకోదు. కానీ ఉత్త పేరు మార్చేసి ఊరుకుంటే కుదరదు. లైను చివరి ఎంటర్ గుర్తును గెట్స్ పారేస్తుంది, ఎఫ్‌గెట్స్ అట్టే పెడుతుంది. పాస్‌వర్డు సరిచూసే చోట ఆ ఒక్క గుర్తు మిగిలిందంటే, సరిగ్గా కొట్టినా తప్పంటుంది.

ఉన్న కోడును చెడగొట్టకూడదన్నది సి భాష ప్రమాణాల కమిటీ పట్టుదల. అందుకే 1989 ప్రమాణంలో గెట్స్ ఉండిపోయింది, 1999లోనూ ఉంది. 2011లో గానీ ఉద్వాసన పలకలేదు. వర్మ్ వచ్చిన 23 ఏళ్లకన్నమాట! ఆ తర్వాత గ్ను సి లైబ్రరీవాళ్లు మంచి పని చేశారు. కొత్త ప్రమాణంతో రాసేవాళ్లకు గెట్స్ దొరకదు. ఎప్పుడో కంపైల్ చేసి పెట్టుకున్న పాత ప్రోగ్రాములు మాత్రం ఆగిపోకుండా నడుస్తాయి. ఈ పద్ధతి ముందే పెట్టుంటే అన్నేళ్లు పట్టేది కాదు. పాతవాటిని నడవనివ్వడం వేరు, కొత్తవాళ్ల చేత అదే తప్పు చేయించడం వేరు.

ఇప్పటికీ టర్బో సి అనే పాత కంపైలర్ నడుస్తున్న ల్యాబుల్లో గెట్స్ పలుకుతూనే ఉంటుంది. మీరు మాత్రం ఎఫ్‌గెట్స్ రాయండి, చివరి ఎంటర్ గుర్తు తీసేయడం మరిచిపోకండి.