నకలు కాదు, లంకె

జావాస్క్రిప్ట్‌లో ఒక ఆబ్జెక్ట్‌ను ఏదైనా ప్రాపర్టీ అడిగితే, ముందు తనలో వెతుక్కుంటుంది. దొరక్కపోతే తన ప్రోటోటైప్‌లో చూస్తుంది. అక్కడా లేకపోతే ఆ ప్రోటోటైప్‌కున్న ప్రోటోటైప్‌లో. ఈ గొలుసు మామూలుగా ‘ఆబ్జెక్ట్.ప్రోటోటైప్’ దాకా సాగి ‘నల్’ దగ్గర తెగుతుంది. అప్పటికీ దొరక్కపోతే జవాబు ‘అన్‌డిఫైన్డ్’. తప్పు జరిగిందని కూడా చెప్పదు.

1995 మేలో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఈ భాషకు తొలి రూపం ఇచ్చినప్పుడు, ప్రోటోటైప్ ఊహను సెల్ఫ్ అనే భాష నుంచి తీసుకున్నాడు. డేవిడ్ ఉంగర్, రాండల్ స్మిత్ రూపొందించిన సెల్ఫ్‌లో క్లాసులే లేవు. అయితే కొత్త భాష పైకి జావాలా కనిపించాలన్నది కంపెనీ పట్టు. అందుకే ‘న్యూ’ వచ్చి చేరింది. నేర్చుకునేవారి తికమకలో సగం ఆ అరువు వేషం వల్లనే అనిపిస్తుంది.

నిజానికి ‘న్యూ’ చేసే పని కొంచెమే. ఖాళీ ఆబ్జెక్ట్ ఒకటి సృష్టించి, కన్‌స్ట్రక్టర్ ఫంక్షన్ తాలూకు ‘ప్రోటోటైప్’కు లంకె వేసి, ఆ ఆబ్జెక్ట్‌నే ‘దిస్’గా ఉంచి ఫంక్షన్‌ను నడుపుతుంది. అలా పుట్టినదే ఇన్‌స్టన్స్. ‘పుస్తకం’ అనే కన్‌స్ట్రక్టర్‌తో వెయ్యి ఇన్‌స్టన్స్‌లు చేస్తే శీర్షికలు వెయ్యి. ప్రోటోటైప్‌లో పెట్టిన ‘వివరం’ మెథడ్ మాత్రం ఒక్కటే. దేనికీ నకలు ఇవ్వలేదు కనుక, రేపు ప్రోటోటైప్‌లో మరో మెథడ్ చేర్చినా నిన్నటి పుస్తకాలకూ అది అందుతుంది.

చదవడానికున్న నియమం రాయడానికి లేదు. అసలు చిక్కు ఇక్కడే. ప్రోటోటైప్‌లో ‘భాష’ తెలుగు అని ఉండగా ఒక పుస్తకానికి ‘భాష’ తమిళం అని రాస్తే, సాధారణంగా ఆ విలువ ఆ పుస్తకంలోనే పడుతుంది. పైనున్న తెలుగు చెరగదు, ఆ ఒక్క పుస్తకానికి మరుగవుతుంది. కానీ ప్రోటోటైప్‌లో ‘పాఠకులు’ అనే ఖాళీ అర్రే ఉంచి, ఒక పుస్తకం ద్వారా ‘పుష్’తో అందులో పేరు చేర్చి చూడండి: వెయ్యి పుస్తకాలకూ ఆ పాఠకుడు వచ్చేస్తాడు. మనం కొత్త ప్రాపర్టీ రాయలేదు. గొలుసు వెంట చదివి తెచ్చుకున్న ఉమ్మడి అర్రేనే మార్చాం. ఇన్‌స్టన్స్‌కు సొంతమైన అర్రేలు కన్‌స్ట్రక్టర్‌లోనే పుట్టాలి.

2015 ప్రమాణంలో ‘క్లాస్’ వచ్చింది. రాయడం సుఖమైంది, వాడుకోవాల్సిందే. మెథడ్లు మాత్రం ఇప్పటికీ ప్రోటోటైప్‌లోనే చేరతాయి.

భాషతో వచ్చే ప్రోటోటైప్‌ల జోలికి పోకపోవడం మేలు. మూటూల్స్ అనే లైబ్రరీ ‘అర్రే.ప్రోటోటైప్’కు సొంత ‘కంటెయిన్స్’ తగిలించింది. తర్వాత అదే పేరుతో మెథడ్‌ను భాషలోకే తేబోతే, ఆ లైబ్రరీ వాడిన పాత వెబ్‌సైట్లు దెబ్బతిన్నాయి. చివరికి 2016 ప్రమాణంలోకి ఆ మెథడ్ ‘ఇన్‌క్లూడ్స్’ అనే పేరుతో వచ్చింది.