ఆ తొండం వంకరగానే ఉండనివ్వండి

వినాయక చవితికి ప్రతిమను ఇంట్లోనే చేద్దామనుకునే ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్ తెలుగువాళ్లకు తొలి చిక్కు మట్టితోనే వస్తుంది. ఇక్కడిది ఎర్రటి లాటరైట్ నేల. యుగయుగాల వానలకు సిలికా చాలావరకు కొట్టుకుపోయి, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలిన నేల అది. పెరట్లో తవ్విన మొరం ఎంత తడిపినా గరుకుగానే ఉంటుంది, ముద్ద కట్టబోతే విరిగిపోతుంది. చెరువు అడుగునో, కంసావతి నది ఒడ్డునో దొరికే బంకమన్ను అలా కాదు, తాడులా సాగుతుంది. దాని రేణువు మిల్లీమీటరులో అయిదు వందల వంతు కన్నా చిన్నది, పైగా పలకలా ఉంటుంది. పలకల మధ్య పల్చటి నీటిపొర ఉంటే అవి ఒకదాని మీద ఒకటి జారతాయి, నొక్కడం ఆపగానే జారినచోటే నిలుస్తాయి. అయిదేళ్ల పిల్లకు రెండు ముద్దలూ ఇచ్చి పిసకమంటే చాలు, ఇదంతా ఎవరూ చెప్పకుండానే వేళ్లకు తెలుస్తుంది. చవితి మట్టి పిల్లలకు తొలి భౌతికశాస్త్ర పాఠం కాగలదు, పెద్దలు ఆ ముద్దను లాక్కోకుండా ఉంటే.

ఇది ఉత్త ముచ్చట కాదు. మట్టి ఉండను పిల్లల ఎదుటే పొడుగ్గా సాగదీసి "ఇప్పుడు మట్టి పెరిగిందా?" అని అడిగితే, ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా చాలామంది పెరిగిందనో తగ్గిందనో అంటారని స్విస్ శాస్త్రవేత్త జాన్ పియాజే చూపించారు. 1969లో వెలువడిన ఒక అధ్యయనం ఇదే ప్రశ్నను మెక్సికోలో కుమ్మరుల పిల్లలను అడిగింది. అదే వయసున్న ఇతర పిల్లల కన్నా వాళ్లు మెరుగ్గా జవాబు చెప్పారు. పరీక్షించింది కొద్దిమందినే, అదీ చిన్నప్పటి నుంచీ మట్టిలో పెరిగినవాళ్లను. కాబట్టి పండగ పూట ఒక్క బొమ్మ చేస్తే బుద్ధి పెరుగుతుందని దీన్నిబట్టి అనలేం. పదార్థం గురించిన ఆలోచనకు చేతిపని దారి వేయగలదని మాత్రం అనొచ్చు.

ఆ దారి బాగా కనపడేది బొమ్మ పగిలినప్పుడు. బొజ్జ లావు, తొండం సన్నం. నీరు ఇగిరేకొద్దీ పలకలు దగ్గరకు జరిగి మట్టి కుంచించుకుంటుంది. తొండం ముందే ఆరి బిగుసుకుంటే, బొజ్జ ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఆ గుంజులాటకు అతుకు దగ్గర సన్నటి బీట పడుతుంది. అగ్గిపుల్లతో రెండువైపులా గీతలు గీసి, పల్చటి మట్టినీళ్లు పూసి అతికించి, తడిగుడ్డ కప్పి నీడన ఆరనిస్తే బీట చాలావరకు తప్పుతుంది. మట్టిలో కాస్త ఊక కలిపినా మేలే. "ఎందుకు పగిలింది?" అని అడిగి, పిల్ల జవాబు వెతుక్కునేదాకా నోరు మెదపకుండా కూర్చోవడమే పెద్దలకు కష్టమైన పని.

పూజకు పెట్టే మూర్తి అందంగా ఉండొద్దా అంటారు. ఉండాలనుకునేవాళ్లు బజారులో దొరికే మట్టి ప్రతిమను పీటమీద పెట్టి, పిల్ల చేసినదాన్ని పక్కన కూర్చోబెట్టవచ్చు. కాల్చని మట్టి కనుక నిమజ్జనంలో రెండూ నీళ్లలో కలిసిపోతాయి. ఇల్లంతా మట్టవుతుందన్న గొడవ నిజమే, పాత దినపత్రికలు పరచడం తప్ప దానికి మందు లేదు. అచ్చులో నొక్కితే చక్కగా వస్తుందిగా అనేది అసలైన అభ్యంతరం. వస్తుంది, కానీ అచ్చు బీటకు కారణం అడగనివ్వదు. బహుమతి ఆశ పెడితే శ్రద్ధగా చేస్తారన్న వాదనకూ జవాబుంది. 1973లో అమెరికాలో మనస్తత్వవేత్త లెప్పర్ బృందం, బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పింది. తర్వాత తోచిన ఆట ఆడుకోమని వదిలేస్తే, ఏ మాటా ఇవ్వని పిల్లలతో పోలిస్తే వాళ్లు బొమ్మల మీద గడిపిన సమయం దాదాపు సగమే. అందుకే ఈ చవితికి పోటీలూ అచ్చులూ పక్కనపెట్టి, గుప్పెడు బంకమన్ను, గ్లాసుడు నీళ్లు, ఓ అగ్గిపుల్ల పిల్లల చేతికివ్వండి. తొండం వంకరపోతే సరిచేయకండి.