ముళ్లు లెక్కపెట్టండి: అది నీటిగొబ్బేనా?

పోయిన ఎపిసోడ్ చూసి ఒక తమ్ముడు ఫోటో పంపిండు. పటాన్‌చెరు దగ్గర ఇసుకవాగు ఒడ్డున తీసిందంట. "అన్నా, ఇది నీటిగొబ్బేనా? నానమ్మకు కషాయం కాయాలి" అని అడిగిండు.

యాప్‌లో పెడితే ములుగోరింట అని వచ్చిందట. రెండూ ఒకే కుటుంబం, రెండింటికీ ముళ్లుంటయి, యాప్ తడబడింది. అందుకే ముందు కణుపు చూడండి. నీటిగొబ్బి కాండం నిటారుగా పెరుగుతుంది, కొమ్మలు దాదాపు ఉండవు. ప్రతి కణుపు చుట్టూ సన్నటి పొడుగాటి ఆకులు ఆరు, ఒక్కో ఆకు మొదట్లో ఒక్కో పసుపు ముల్లు. మొత్తం ఆరు. పువ్వు ఊదా రంగు, రెండు పెదవులుగా చీలి ఉంటది, లోపల పసుపు మచ్చ. ములుగోరింట పూలు పసుపు, పైగా అది పొడి నేల మొక్క. గింజ దొరికితే నీళ్లలో వేయండి, జిగురు జిగురుగా అవుతుంది. నాకైతే ఈ టెస్టే ఇష్టం.

తమ్ముడి ఫోటోలో ఆరు ముళ్లూ ఉన్నయి. నీటిగొబ్బే. కానీ కషాయం వద్దు.

ఎందుకంటే, ఇక్కడి మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకుడు లార్సన్ బృందం 2007లో ప్రచురించింది. అది యాంటీబయోటిక్. ఆ నీళ్లు కలిసింది ఇసుకవాగులోనే, అక్కడి నుంచి నక్కవాగు, తర్వాత మంజీర. మొక్క ఏ నీళ్లు తాగిందో ఫోటోలో కనిపించదు కదా.

నానమ్మను డాక్టర్‌కు చూపించు తమ్ముడూ. మిగతావాళ్లు ఫోటో పంపేటప్పుడు కణుపు క్లోజప్ తప్పకుండా పెట్టండి, చేతికి ముల్లు గుచ్చుకోకుండా చూసుకోండి.