తక్కువ ఖర్చులో కర్నూలు టూర్‌.. బురుజు నుంచి అలంపురం దాకా ఒక్క రోజులో చూసేయొచ్చు!

హైదరాబాద్‌ నుంచి బెంగళూరు వెళ్లేవాళ్లలో చాలామందికి కర్నూలు అంటే టిఫిన్‌కి ఆగే ఊరు. శ్రీశైలం, మంత్రాలయం వెళ్లేవాళ్లయితే ఇక్కడ బస్సు మారి వెళ్లిపోతారు. కానీ ఇది నవాబులు ఏలిన కోట పట్టణం. ఒకప్పుడు మన రాష్ట్ర రాజధాని కూడా. విశేషం ఏంటంటే, ఇక్కడ చరిత్ర చూడటానికి పెద్దగా డబ్బులు అక్కర్లేదు. జేబు ఖాళీ అయ్యేది తిరగడానికి పెట్టే ఖర్చుతోనే. కారు మాట్లాడుకోకుండా బస్సు, షేర్‌ ఆటో, కాలినడకతో కర్నూలు ఎలా చూడాలో ఇప్పుడు చూద్దాం.

ఎలా చేరుకోవాలి?

హైదరాబాద్‌ నుంచి కర్నూలుకు సుమారు 210 కిలోమీటర్లు. 44వ నంబరు జాతీయ రహదారి మీద బస్సులకు కొదవ లేదు. ఇంకా తక్కువలో రావాలంటే రైలే బెటర్‌. సికింద్రాబాద్‌ నుంచి తుంగభద్ర ఎక్స్‌ప్రెస్‌లో జనరల్‌ టికెట్‌ తీసుకుంటే బస్సు కంటే చాలా చౌక. పొద్దున్నే దిగేలా ప్లాన్‌ చేసుకుంటే రూమ్‌ ఖర్చు కూడా మిగులుతుంది.

ముందు కొండారెడ్డి బురుజు

షేర్‌ ఆటో ఎక్కి "బురుజు" అంటే చాలు, ఊరి నడిబొడ్డున దింపేస్తారు. సినిమాల్లో చూసి చాలామంది ఇదే కోట అనుకుంటారు. నిజానికి ఇది కోటలో ఒక భాగం మాత్రమే. విజయనగర రాజుల కాలంలో, 16వ శతాబ్దంలో కట్టిన కర్నూలు కోటలో ముఖ్యంగా మిగిలింది ఈ బురుజే. అలంపురాన్ని ఏలిన కొండారెడ్డిని అప్పటి పాలకులు ఇందులో బంధించారని, అందుకే ఈ పేరు వచ్చిందని చెబుతారు. ఇక్కడి నుంచి తుంగభద్ర కింద గద్వాల దాకా సొరంగం ఉందన్నది స్థానికులు చెప్పుకునే కథ.

కర్నూలు చివరి నవాబు గులాం రసూల్‌ ఖాన్‌. రహస్యంగా ఆయుధాలు పోగు చేశాడంటూ బ్రిటిష్‌వాళ్లు 1839లో ఆయన్ను పదవి నుంచి దించి తిరుచిరాపల్లికి పంపేశారు. నవాబుల పాలన అంతటితో ముగిసింది.

గోల్‌ గుంబజ్‌.. ఇది బీజాపూర్‌ది కాదు!

బురుజు చూశాక హంద్రీ వైపు వెళ్తే గోల్‌ గుంబజ్‌ కనిపిస్తుంది. బీజాపూర్‌లోని ప్రసిద్ధ కట్టడానికీ, దీనికీ పేరు ఒకటే. కానీ ఇది బీజాపూర్‌ సుల్తానుల తరఫున కర్నూలును ఏలిన అబ్దుల్‌ వహాబ్‌ ఖాన్‌ సమాధి. ఆయన అబిసీనియా, అంటే ఇప్పటి ఇథియోపియా మూలాలున్న సేనాని అని చరిత్ర చెబుతోంది. ఎక్కడి ఇథియోపియా, ఎక్కడి రాయలసీమ! బురుజులాగే ఇది కూడా కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

టెంట్లలో నడిచిన రాజధాని

పాత ఊళ్లో నడుస్తున్నప్పుడు ఒక విషయం గుర్తు చేసుకోవాలి. పొట్టి శ్రీరాములు ఆత్మత్యాగం తర్వాత 1953 అక్టోబర్‌ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. దాని రాజధాని కర్నూలే. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. సరిపడా భవనాలు లేక ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. రాజధాని లేదా హైకోర్టు సీమకే ఇవ్వాలన్నది 1937 నాటి శ్రీబాగ్‌ ఒప్పందంలోని మాట. దాని ప్రకారమే రాజధాని ఇక్కడికొచ్చింది. 1956 నవంబర్‌ 1న ఆంధ్రప్రదేశ్‌ ఏర్పడటంతో హైదరాబాద్‌కు తరలిపోయింది. మూడేళ్ల ముచ్చటే అయినా, రాజధాని మాట వస్తే సీమ జనం ఇప్పటికీ దీన్నే తలుచుకుంటారు.

మధ్యాహ్నం అలంపురం.. ఇక్కడే టికెట్‌ మెలిక

కర్నూలు పాత పేరు కందనవోలు. అలంపురం గుళ్లకు రాళ్లు మోసే బండ్లు ఇక్కడ ఆగి, చక్రాలకు కందెన వేసుకుని నది దాటేవని, అందుకే ఆ పేరొచ్చిందని చెబుతారు. ఆ బండ్లు వెళ్లిన దారిలోనే మనమూ వెళ్దాం. తుంగభద్ర దాటితే తెలంగాణ. అలంపురం చౌరస్తా మీదుగా సుమారు 25 కిలోమీటర్లు.

అక్కడి నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలం నాటివి. 7, 8 శతాబ్దాల్లో కట్టినవి. పేరు బ్రహ్మదే అయినా అన్నీ శివాలయాలే. పక్కనే అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన జోగులాంబ ఆలయం ఉంది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని కూడా చూడండి. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోకుండా రాయి రాయి విప్పి, ఇక్కడికి తెచ్చి మళ్లీ కట్టారు.

మహిళలు ఒకటి గుర్తుంచుకోవాలి. ఏపీలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి ఉచిత ప్రయాణం అంతర్రాష్ట్ర సర్వీసులకు వర్తించదు. తెలంగాణ మహాలక్ష్మి పథకం ఆ రాష్ట్ర మహిళలకే, అదీ రాష్ట్ర సరిహద్దు వరకే. అంటే నది దాటే ఈ చిన్న ప్రయాణానికి టికెట్‌ డబ్బులు, చిల్లర చేతిలో ఉంచుకోవాల్సిందే.

ఉచిత బస్సులోనే తిరగాలంటే?

ఏపీ మహిళలకు నంద్యాల రూట్‌ మంచిది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో గుర్తింపు కార్డు చూపిస్తే జీరో టికెట్‌ ఇస్తారు. ఈ దారిలోనే జగన్నాథగట్టు వస్తుంది. ముంపు నుంచి తప్పించి తెచ్చిన రూపాల సంగమేశ్వరాలయం ఈ గుట్ట మీదే ఉంది. ఇంకాస్త ముందుకెళ్తే ఓర్వకల్లు రాక్‌ గార్డెన్‌. రాళ్ల మధ్య నీళ్లు, నడక దారులతో సాయంత్రం బాగుంటుంది. దీనికి మాత్రం ప్రవేశ రుసుము ఉంది. అలంపురం, ఓర్వకల్లు ఒకదానికొకటి వ్యతిరేక దిక్కుల్లో ఉన్నాయి. ఒకే రోజు రెండూ పెట్టుకుంటే ఆటోలకే డబ్బులు అయిపోతాయి. ఏదో ఒకటే ఎంచుకోండి.

తిండి మాటేంటి?

పొద్దున టిఫిన్‌కి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగులతో చేసే ఈ టిఫిన్‌ చౌక, కడుపు నిండుతుంది. మధ్యాహ్నం మెస్‌లో జొన్నరొట్టె లేదా సంగటి అడగండి. పెద్ద హోటళ్ల జోలికి వెళ్లకపోయినా సీమ రుచి తెలుస్తుంది.

ఇవి మర్చిపోవద్దు

• నవంబర్‌ నుంచి ఫిబ్రవరి వరకు మంచి టైమ్‌. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటేస్తుంది. అప్పుడొస్తే బురుజు, గుంబజ్‌ పొద్దున 10 లోపే చూసేయండి.
• నీళ్ల బాటిల్‌ ఇంటి నుంచే తెచ్చుకోండి.
• ఆటో ఎక్కేముందే "షేరా, స్పెషలా?" అని అడగండి. ఖర్చు పెరిగేది అక్కడే.
• అలంపురం నుంచి తిరుగు బస్సు టైమ్‌ దిగగానే కనుక్కోండి. ఆఖరి బస్సు తప్పితే ఆటో స్పెషల్‌ మాట్లాడుకోవాల్సి వస్తుంది, మిగిల్చిందంతా దానికే పోతుంది.